నిలబడటానికీ ధ్యాస కావాలి

నడుస్తున్న పెద్దాయన్ని పక్కనుంచి ఏదైనా అడిగితే ఆయన ఆగి, జవాబు చెప్పి, ఆ తర్వాతే మళ్లీ అడుగు వేయడం మనలో చాలామంది చూసే ఉంటారు. అలిసిపోయారేమో అనుకుంటాం, లేదంటే మన మాటకు విలువిచ్చి ఆగారనుకుంటాం. స్వీడన్‌లో లిల్లెమోర్ లుండిన్-ఓల్సన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు మాత్రం ఆ ఆగడాన్నే పరీక్షగా తీసుకున్నారు. సంరక్షణ గృహాల్లో ఉంటున్న 58 మంది వృద్ధులతో కలిసి నడుస్తూ మాటలు కలిపారు. మాట మొదలవగానే 12 మంది నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలలూ ఎవరెవరు పడిపోయారో రాసుకుంటూ వచ్చారు. ఆగిన ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది. పరికరం లేదు, రక్తపరీక్ష లేదు, ఒక్క పలకరింపుతోనే ఇంత సంగతి తెలిసింది.

అయితే రెండో సగం కూడా చెప్పాలి. ఆగకుండా మాట్లాడుతూ నడిచిన 46 మందిలోనూ 11 మంది పడ్డారు. అంటే ఆగడం ఒక గట్టి హెచ్చరికే కానీ, ఆగలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఒక ప్రశ్న తేలాలి. మాట్లాడేది నోరు, నడిచేవి కాళ్లు. ఈ రెండింటికీ పోటీ ఎక్కడ వస్తోంది?

చాలాకాలం పాటు శరీరం నిలకడని దానంతటదే జరిగిపోయే పనిగా చూశారు. వెన్నుపాము, మెదడు కింది భాగాలు కలిసి చక్కబెట్టుకుంటాయని, ఆలోచించే మెదడుకి అందులో పెద్దగా పని లేదని నమ్మారు. అందులో కొంత నిజం ఉంది. కాళ్ల కింద నేల కదిలితే పిక్క కండరాలు సుమారు సెకనులో పదో వంతు సమయంలోనే బిగుసుకుంటాయి. మనం ఆలోచించి చేసే ఏ కదలికా అంత త్వరగా మొదలవదు. కానీ నిలకడ అంటే ఆ తొలి బిగింపు ఒక్కటే కాదు.

1985లో బెత్ కెర్ బృందం కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేసింది. కళ్లకు గంతలు కట్టి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనేలా నిలబెట్టి, జ్ఞాపకశక్తికి సంబంధించిన పని ఇచ్చారు. గళ్లలో ఏ అంకె ఎక్కడ ఉందో మనసులో బొమ్మ కట్టుకుని గుర్తుంచుకునే పని అయితే, కూర్చున్నప్పటికంటే ఇలా నిలబడినప్పుడు తప్పులు పెరిగాయి. స్థలంతో సంబంధం లేని, మాటలతో సాగే పని అయితే అలా పెరగలేదు. నిలకడ మాత్రం ఎప్పటిలాగే ఉంది. వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు. వాళ్లకే నిలబడటానికి ఆలోచనలో కొంత వాటా ఖర్చవుతోందన్నమాట. అదీ, మన ఒళ్లు ఎక్కడ ఎలా ఉందో మనసులో గీసుకునే శక్తిలోంచే ఖర్చవుతోంది.

తర్వాత 1993లో లజువా, టీస్‌డేల్ తదితరులు దీన్ని ఇంకో దారిలో కొలిచారు. ఒక చప్పుడు వినిపిస్తుంది, వినగానే జవాబివ్వాలి. కూర్చుని ఉన్నప్పుడు జవాబు త్వరగా వచ్చింది. నిలబడితే కాస్త ఆలస్యమైంది, నడుస్తుంటే ఇంకా ఆలస్యమైంది. నడుస్తున్నప్పుడు కూడా రెండు పాదాలూ నేలమీద ఉన్న క్షణంలో కంటే ఒంటికాలి మీద బరువు ఉన్న క్షణంలో జవాబు మరింత ఆలస్యమైంది. ఈ చివరి సంగతి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. నడక అంటే అడుగడుగునా కాసేపు ఒంటికాలి మీద నిలబడటమే. ఆ ప్రతిసారీ మెదడు ధ్యాసలో కొంత అటు మళ్లించి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటోంది. మనకు ఆ సంగతే తెలియదు.

వయసు మీద పడ్డాక జరిగేది ఏమిటంటే, ఈ ఖర్చు పెరుగుతుంది. మనం ఎటు వాలుతున్నామో మెదడుకి చెప్పేవి మూడు: కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ కండరాల నుంచి వచ్చే స్పర్శ. కదలకుండా నిలబడ్డామని అనుకుంటున్నప్పుడు కూడా మన ఒళ్లు చీలమండల మీద సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. మెదడు ఈ మూడు వైపుల నుంచీ వచ్చే కబుర్లు పోల్చుకుంటూ ఆ ఊపుని హద్దులో ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అరికాళ్లలో స్పర్శ మొద్దుబారుతుంది. లోపలి చెవిలో కదలికను పసిగట్టే రోమకణాలు తగ్గుతాయి. మెట్టు అంచుకీ నేలకీ రంగు తేడా కంటికి స్పష్టంగా ఆనదు. డయాబెటిస్ ఉంటే పాదాల సంగతి మరీ కష్టం. కబుర్లు అరకొరగా వస్తున్నప్పుడు ఏది నమ్మాలో, ఏది వదలాలో తేల్చుకోవడానికి మెదడు ఎక్కువ పని చేయాలి. వృద్ధుల్ని కళ్లు మూయించి, మెత్తటి ఫోమ్ మీద నిలబెట్టి పరీక్షించినప్పుడు, చప్పుడుకి జవాబిచ్చే వేగం కుర్రవాళ్లలో కంటే బాగా పడిపోయింది. మూడు కబుర్లలో రెండు పోయేసరికి మిగిలిన ధ్యాసంతా నిలబడటానికే సరిపోయింది.

మరోపక్క, రెండు మూడు పనుల మధ్య ధ్యాసను పంచే శక్తి కూడా వయసుతో తగ్గుతుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగానిది ఇందులో ప్రధాన పాత్ర. ఇంటి లెక్కల్లో చెప్పాలంటే ఒకపక్క అద్దె పెరుగుతోంది, ఇంకోపక్క జీతం తగ్గుతోంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. అనుకోని ఖర్చు ఒకటి తగిలినప్పుడే లోటు బయటపడుతుంది.

ఆ అనుకోని ఖర్చు ఒక్క మాట కావచ్చు, ఫోన్ రింగ్ కావచ్చు, అర్ధరాత్రి బాత్రూమ్ తొందర కావచ్చు. నుదుటి మీద పెట్టే సెన్సార్లతో మెదడులో ఆక్సిజన్ వాడకం ఎలా మారుతోందో ఇప్పుడు నడుస్తుండగానే చూడొచ్చు. న్యూయార్క్‌లో రోయీ హోల్ట్‌జర్, జో వర్గీస్ బృందాలు ఇలాంటి పరిశోధనలు చేశాయి. ఊరికే నడవడంతో పోలిస్తే, నడుస్తూ అక్షరమాల ఒప్పజెప్పేటప్పుడు మెదడు ముందు భాగం మరింత పని చేసింది. 2017లో వాళ్లు ఇంకో సంగతి చెప్పారు. పైకి ఏ లోపమూ కనిపించని, చక్కగా తిరుగుతున్న పెద్దవాళ్లలో కూడా అలా నడుస్తూ మాట్లాడేటప్పుడు ఆ భాగం ఎవరిలో ఎక్కువగా పని చేసిందో వాళ్లు తర్వాతి సంవత్సరాల్లో ఎక్కువగా పడ్డారు. నడక బాగానే ఉంది, కానీ దాన్ని బాగా ఉంచడానికి మెదడు లోలోపల ఎక్కువ చెల్లిస్తోంది. స్వీడన్‌లో ఆగకుండా నడిచి కూడా పడిపోయినవాళ్లలో కొందరైనా ఇలాంటివాళ్లే అయ్యుంటారని నా అభిప్రాయం.

ఇక్కడిదాకా విన్నాక ఎవరికైనా తోచే ఉపాయం ఒకటే: అయితే నడకమీదే ధ్యాస పెట్టమని చెబుదాం. ఇంట్లో అందరం చెప్పేదీ అదే. "జాగ్రత్త, చూసుకుని నడవండి, కాలు చూసి వేయండి." ఈ విషయంలో చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది.

ధ్యాస పెట్టడం వేరు, కాళ్ల కదలిక మీదే ధ్యాస పెట్టడం వేరు. గేబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఊగే బల్ల మీద నిలబడటం నేర్పుతూ కొందరికి పాదాలు సమంగా ఉంచుకోమని చెప్పారు. మిగతావాళ్లకి బల్లమీద పాదాల ముందున్న గుర్తుల్ని సమంగా ఉంచమని చెప్పారు. తేడా కొన్ని అంగుళాలే. అయినా ధ్యాసను ఒంటి బయట పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. కారణం ఏమిటంటే, అలవాటుగా సాగిపోయే కదలికను మనం ముక్కముక్కలుగా నడిపించబోతే, దానంతటదే సర్దుకునే గుణానికి అడ్డుపడతాం. జర్మనీలో హుక్స్‌హోల్డ్, లిండెన్‌బెర్గర్ తదితరులు 2006లో వెల్లడించిన ఫలితం దీనికి ఇంకో చేర్పు. తన నిలకడనే గమనించుకుంటూ నిలబడినప్పటి కంటే, మనసుకి ఏదో తేలికైన పని ఉన్నప్పుడు ఒళ్లు తక్కువ ఊగింది. ఇది కుర్రవాళ్లలోనూ, పెద్దవాళ్లలోనూ కనిపించింది. ఆ పనిని కష్టతరం చేసుకుంటూ పోతే మాత్రం పెద్దవాళ్లలో ఊపు మళ్లీ పెరిగింది. కాబట్టి ఆలోచన నిలకడకి శత్రువని తీర్పు చెప్పలేం. తేలికైన ఆలోచన మేలు చేయగలదు, బరువైనది చెరుపు చేయగలదు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది వయసుతోనూ, మనిషిని బట్టీ మారుతుంది.

భయం ఈ గీతను ఇంకా దగ్గరికి లాక్కొస్తుంది. ఒకసారి పడిన మనిషిలో పడతానేమోనన్న టెన్షన్ కూడా ఒక ఆలోచనే, అదీ బాగా ఖర్చయ్యే ఆలోచన. భయం వేసినప్పుడు చీలమండల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. ఒళ్లు కర్రలా అయిపోతుంది. అలా ఉన్నప్పుడు ఊపు తగ్గినట్టే కనిపిస్తుంది కానీ, చిన్న తోపు తగిలినా వంగి సర్దుకునే వెసులుబాటు ఉండదు. చూపు కూడా మారుతుంది. విలియం యంగ్, మార్క్ విలియమ్స్ తమ పరిశోధనల్లో గమనించినదాని ప్రకారం, భయపడే వృద్ధులు ఇప్పుడు వేస్తున్న అడుగు పూర్తిగా ఆనకముందే రాబోయే అడ్డంకి వైపు చూపు తిప్పేస్తారు. దాంతో పాదం పడాల్సిన చోట పడదు. హాంకాంగ్‌లో 2008లో జరిగిన ఒక అధ్యయనంలో, పడిన అనుభవం ఉన్న వృద్ధులు తమ కదలికల్ని తామే పరిశీలించుకునే అలవాటులో మిగతావాళ్లను మించి ఉన్నారు. ఆ అలవాటు వల్ల పడ్డారా, పడ్డాక ఆ అలవాటు వచ్చిందా అన్నది అలాంటి అధ్యయనం తేల్చలేదు. నాకైతే రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయనిపిస్తుంది. అందుకే వెనకనుంచి "జాగ్రత్త!" అని అరవడం మానుకోవాలని గట్టిగా చెబుతాను. ఆ అరుపు ధ్యాసనూ లాగేస్తుంది, భయాన్నీ పెంచుతుంది, పైగా తల వెనక్కి తిప్పేలా చేస్తుంది. "ఆ తలుపు దాకా వెళ్దాం" అని ఎదురుగా ఉన్న గురి చూపించడం నయం.

ఇక, రెండు పనులు ఒకేసారి మీద పడినప్పుడు ఏది వదిలేస్తారన్నది ఇంకా ముఖ్యం. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో కరెన్ లీ తదితరులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఇరుకు దారిలో అడ్డంకులు దాటుతూ పదాలు గుర్తుపెట్టుకోవాలి. రెండు పనులకీ సాయం అందుబాటులో ఉంది. నడకకి పట్టుకునే రెయిలింగ్ ఉంది, పదాలు నెమ్మదిగా వచ్చేలా చేసుకునే బటన్ ఉంది. పెద్దవాళ్లు రెయిలింగ్‌ను బాగా ఉపయోగించుకున్నారు, కుర్రవాళ్లు బటన్‌ను ఉపయోగించుకున్నారు. పదాలు పోతే పోయాయి, పడకుండా ఉండాలన్నది పెద్దవాళ్ల నిర్ణయం. ఎంత తెలివైన నిర్ణయం! మాటకి ఆగి జవాబిచ్చే పెద్దాయన చేస్తున్నదీ ఇదే. తన దగ్గర ఎంత ఉందో తెలిసి, దాన్ని కాళ్లకి కేటాయిస్తున్నారు. ఆయన్ని తొందరపెట్టడం, ఆగారని విసుక్కోవడం ఆ తెలివిని పాడుచేయడమే.

కదలికల్ని దెబ్బతీసే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లలో ఈ ముందువెనకలు తారుమారు కావచ్చని నెదర్లాండ్స్‌కి చెందిన బాస్ బ్లూమ్ బృందం చూపించింది. వాళ్లు పనులన్నీ ఒకేసారి చేసేయాలని చూస్తారు, నిలకడ వెనకబడిపోతుంది. మతిమరుపు జబ్బుల్లోనూ తనకు ఎంత ప్రమాదం ఉందన్న అంచనా దెబ్బతింటుంది. ఆగాల్సిన చోట ఆగరు. మాట్లాడుతూ చకచకా నడిచే అలాంటి మనిషి, ఆగి ఆగి నడిచే మనిషికంటే ఎక్కువ ప్రమాదంలో ఉండొచ్చు.

అసలు పడే క్షణం ఎలా ఉంటుంది? కెనడాలో స్టీఫెన్ రాబినోవిచ్ బృందం రెండు సంరక్షణ గృహాల్లో అందరూ తిరిగే చోట్ల కెమెరాలు పెట్టి, 130 మంది పడిన 227 సంఘటనల్ని చూసింది. 2013లో వచ్చిన ఆ ఫలితాలు చాలామంది ఊహకి విరుద్ధం. జారిపడటం బహు తక్కువ. కాలు తట్టుకుని పడినవి సుమారు 21 శాతం. అన్నిటికంటే ఎక్కువ, సుమారు 41 శాతం, బరువును తప్పుగా మార్చుకోవడం వల్ల జరిగినవే. నడుస్తున్నప్పుడే కాదు, ఊరికే నిలబడి ఉన్నప్పుడు, కుర్చీలో కూర్చోబోతున్నప్పుడు కూడా పడ్డారు. కూర్చోవడమే చూడండి. వెనక్కి తిరగాలి, కుర్చీ అంచు పిక్కలకి తగిలిందా లేదా చూసుకోవాలి, చేతులు వెనక్కి చాపాలి, నడుం వంచుతూ బరువును మెల్లగా వెనక్కి వదలాలి. సరిగ్గా ఆ మధ్యలో ఎవరో పిలిచారు, తల అటు తిరిగింది. కుర్చీ తగలకముందే బరువు వెనక్కి వెళ్లిపోయింది. నేల తడిగా లేదు, చెప్పులు బాగానే ఉన్నాయి. ధ్యాస ఒక్కటే పక్కకి వెళ్లింది. తూలాక నిలదొక్కుకోవడానికి ఒక అడుగు వేయాలి, లేదా దేన్నైనా పట్టుకోవాలి. ఈ రెండో దశ పూర్తిగా దానంతటదే జరిగేది కాదు, దానికీ మెదడు ధ్యాస కావాలని, వృద్ధుల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువని ప్రయోగాల్లో తేలింది. అప్పటికే మనసు లెక్కలోనో మాటలోనో ఉంటే చేయి చాచడం ఆలస్యమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రాణాంతకంగా పడేవాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. ఇంత పెద్ద సమస్యకి మనం సాధారణంగా వెతికే కారణాలు ఎముకలు, మోకాళ్లు, తడి నేల. వినికిడి ఎవరికీ గుర్తురాదు. ఫ్రాంక్ లిన్, లుయీజీ ఫెరూచీ 2012లో అమెరికా సర్వే లెక్కలతో చూపించినదాని ప్రకారం, 25 డెసిబెల్స్ మేర వినికిడి తగ్గినవాళ్లలో పడిన చరిత్ర ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు. లోపలి చెవిలో వినికిడి, బ్యాలెన్స్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండూ కలిసి దెబ్బతినడం ఒక కారణం కావచ్చు. సరిగ్గా వినపడని మాటను అర్థం చేసుకోవడానికే ధ్యాసంతా ఖర్చవడం ఇంకో కారణం కావచ్చు. నిద్రమాత్రలు, మత్తు తెచ్చే కొన్ని అలర్జీ మాత్రలు కూడా ఈ ధ్యాసనే తగ్గిస్తాయి.

నడకకీ మెదడుకీ ఉన్న ఈ బంధం రెండువైపులా పనిచేస్తుంది కాబట్టి నడక చూసి మెదడు సంగతి కూడా ఊహించవచ్చు. కెనడాలో మాన్యుయెల్ మొంతెరో-ఒదాసో బృందం తేలికపాటి మతిమరుపు ఉన్న 112 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2017లో ఒక విషయం చెప్పింది. నెమ్మదిగా నడవడం ఒక్కటే డిమెన్షియాను, అంటే ముదిరిన మతిమరుపు జబ్బును, పట్టివ్వలేదు. కానీ అంకెలు వెనక్కి లెక్కపెడుతూ నడిచినప్పుడు ఎవరి వేగం బాగా పడిపోయిందో, వాళ్లలో డిమెన్షియా రావడం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. క్లినిక్‌లో చేసే పరీక్ష కూడా ఇలాంటిదే. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఎంతసేపు పట్టిందో చూస్తారు. తర్వాత ఒక అంకె ఇచ్చి, మూడేసి తీసేస్తూ పైకి చెబుతూ అదే పని మళ్లీ చేయమంటారు. మంచి ఫిజియోథెరపిస్ట్ గడియారం ఒక్కటే చూడరు. లెక్క తప్పిందా, అడుగు తప్పిందా, మలుపు దగ్గర మాట ఆగిందా అన్నది గమనిస్తారు.

మరి దీన్ని బాగుచేయవచ్చా అంటే, కొంతవరకు చేయవచ్చని ఆధారాలు ఉన్నాయి. జెనీవాలో 134 మంది వృద్ధుల్లో సుమారు సగం మందికి ముందుగా వారానికోసారి పియానో సంగీతానికి తగ్గట్టు అడుగులు వేయడం, లయ మారగానే నడక మార్చడం నేర్పించారు. ఆరు నెలల్లో మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లలో పడిపోవడం దాదాపు సగమే ఉందని 2011లో ట్రొంబెట్టి బృందం రాసింది. సంగీతం కాళ్లని, చెవిని, మనసుని ఒకేసారి పనిలో పెట్టడమే దాని బలమని నేననుకుంటాను. 2016లో లాన్సెట్‌లో వచ్చిన అనత్ మిరెల్‌మన్ బృందం పరిశోధన ఇంకా సూటిగా ఉంది. పడే ప్రమాదం ఉన్న సుమారు 300 మందిలో సగం మంది ఆరు వారాలు ట్రెడ్‌మిల్ మీద మామూలుగా నడిచారు. మిగతా సగం ముందున్న తెరమీద తమ పాదాల్ని చూస్తూ, అడ్డంకులు దాటుతూ, దారి ఎంచుకుంటూ నడిచారు. తర్వాతి ఆరు నెలల్లో తెర ముందు నడిచినవాళ్లు పడటం అంతకుముందుతో పోలిస్తే సుమారు సగమైంది. ఊరికే నడిచినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు గుంపుల కాళ్లూ అంతే కష్టపడ్డాయి.

ఒక చిన్న అధ్యయనం నుంచి ఇంకో కిటుకు తెలుస్తుంది. తాయ్‌లాండ్ పరిశోధకురాలు పత్తరీయా సిల్సుపాదోల్, అమెరికాలోని ఆమె సహచరులు 2009లో, బ్యాలెన్స్ తగ్గిన వృద్ధులతో రెండు పనుల సాధన చేయించారు. కొందర్ని రెండు పనులమీదా ఎప్పుడూ సమానంగా ధ్యాస పెట్టమన్నారు. మిగతావాళ్లని కాసేపు నడకమీద, కాసేపు లెక్కమీద మార్చి మార్చి పెట్టమన్నారు. మార్చి మార్చి పెట్టినవాళ్లకే ప్రయోజనం ఎక్కువకాలం నిలిచింది. ధ్యాసను కావాల్సిన చోటికి, కావాల్సిన క్షణంలో మళ్లించడం కూడా సాధన చేస్తే వచ్చే పనే. నాకు ఇందులో చాలా ఆశ కనిపిస్తుంది.

అలాగని ఇంట్లో ఎవరికివారు మొదలుపెట్టడం మంచిది కాదు. ఈ సాధన అంతా పట్టుకోవడానికి బలమైన ఆధారం, పక్కన మనిషి, తేలిక నుంచి కష్టానికి వెళ్లే వరస ఉన్నప్పుడే చేయాలి. పార్కిన్సన్స్ ఉంటే లేదా ఈమధ్యే పడి ఉంటే, ముందు రెండు పనుల్ని విడదీసుకోవడమే నేర్పాల్సి రావచ్చు. ఆ నిర్ణయం పరీక్ష చేసినవాళ్లదే. ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగేవి చాలానే ఉన్నాయి. మెట్ల మీద ఉన్నప్పుడు ప్రశ్న అడగకుండా ఆగవచ్చు. పిలవాలంటే ఎదురుగా వచ్చి పిలవవచ్చు. కూర్చునేదాకా, లేచి నిలదొక్కుకునేదాకా మాట ఆపవచ్చు. ఫోన్ మోగితే మోగనివ్వమని, తర్వాత మళ్లీ చేద్దామని చెప్పవచ్చు. రాత్రి దారిలో లైటు ఉంచవచ్చు, మెట్ల అంచులకి రంగు పట్టీ అంటించవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పితో పాటు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు లేదా తూలారు, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, వినికిడి, చూపు ఎలా ఉన్నాయి, రోజూ వేసుకునే మాత్రలన్నీ ఏమిటి, మాట్లాడిస్తే నడక ఆగుతోందా, ఎప్పటినుంచి ఆగుతోంది.